తెగిన తోకలో ఎముక ఎలా మొలుస్తుంది?

మన ఎముక విరిగితే అతుక్కుంటుంది. తెగి ఊడిపోయిన ముక్క మాత్రం మళ్లీ మొలవదు. జీబ్రా చేప సంగతి వేరు. గంగ, బ్రహ్మపుత్ర నదుల పరీవాహకంలో కాలువల్లోనూ, నీళ్లు నిలిచిన వరిచేలల్లోనూ తిరిగే ఈ చిట్టి చేప తోక రెక్కను సగానికి కత్తిరించినా, రెండు మూడు వారాల్లో ఎముకలతో సహా తిరిగి పెంచుకుంటుంది.

తోక రెక్కను విప్పార్చి పట్టుకునేవి సన్నటి ఎముక పుల్లలు. ఒక్కో పుల్లలో రెండు సగం గొట్టాలు ఎదురెదురుగా ఉంటాయి. వాటి మధ్యలో నరాలు, రక్తనాళాలు సాగుతాయి. రెక్క తెగిన ఒక రోజులోపే చర్మకణాలు పాకి గాయాన్ని కప్పేస్తాయి. రెండో రోజుకల్లా దాని కింద బ్లాస్టెమా అనే కణాల ముద్ద తయారవుతుంది. కొత్త ఎముక పెరిగేది అక్కడి నుంచే. మధ్యలో మృదులాస్థి దశ లేకుండా నేరుగా ఎముకే ఏర్పడుతుంది.

ఇంతకీ ఆ కణాలు ఎక్కడివి? ఏ కణంగానైనా మారగల మూలకణాలేవో అక్కడ దాగి ఉంటాయని ఎవరికైనా అనిపిస్తుంది. 2011లో వెలువడిన పరిశోధనలు మరో సంగతి చెప్పాయి. గాయం పక్కనున్న ఎముక కణాలే తమ పని ఆపేసి, లేతకణాల దశకు వెనక్కి వెళ్లి, విభజన చెందుతూ గాయం వైపు కదులుతాయి. అంత వెనక్కి వెళ్లినా అవి చర్మంగానో నరంగానో మారవు, ఎముకనే కడతాయి. అక్కడితో కథ తేలిపోయిందనుకుంటే, మరుసటి ఏడాదే ఇంకో మెలిక పడింది. ఎముక కణాలను ముందే చంపేసి రెక్కను కత్తిరించినా ఎముక మొలిచింది! అంటే, అవి లేనప్పుడు ఎముక కట్టే కణాలను వేరే చోటు నుంచి కొత్తగా తయారుచేసుకునే దారి కూడా చేపకు ఉందన్నమాట. నాకైతే ఈ రెండో దారే ఎక్కువ ఆశ్చర్యం.

ఒకే తోకను 27 సార్లు కత్తిరించి చూసినా ఈ శక్తి తగ్గలేదు. అయితే దీనికో హద్దుంది: కోత రెక్క మొదలు దాటి, కండరంతో పాటు వెన్నెముక దాకా పోతే మామూలుగా ఏమీ మొలవదు.

ఎంత పొడవు పెరగాలో కూడా తోకకు లెక్కుంటుంది. రెక్క మొదలు దగ్గర కత్తిరిస్తే వేగంగా, కొస దగ్గర కత్తిరిస్తే నెమ్మదిగా పెరిగి, పాత కొలత దగ్గరే ఆగుతుంది. ఈ లెక్కలో కణాల్లోకి, బయటికి పొటాషియం అయాన్లను పంపే మార్గాలకు పాత్ర ఉంది. అక్వేరియం షాపుల్లో 'లాంగ్‌ఫిన్' పేరుతో అమ్మే పొడవు రెక్కల జీబ్రా చేపల్లో అలాంటి ఒక మార్గం తాలూకు జన్యువు తప్పుగా పనిచేస్తుంది. వాటి తోక కత్తిరిస్తే మళ్లీ అంతే పొడుగ్గా పెరుగుతుంది.