చెరకు పోయింది, పాస్‌పోర్టు వచ్చింది: సెయింట్ కిట్స్ ఇళ్ల ధర వెనక అసలు కథ

కరేబియన్ దీవిలో ఇల్లు కొనండి, అద్దె వస్తుంది, పైగా కుటుంబమంతటికీ రెండో పాస్‌పోర్టు వస్తుంది అనే ప్రకటనలు ఈమధ్య మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో కూడా తిరుగుతున్నాయి. బీచ్, కొబ్బరిచెట్టు, స్విమ్మింగ్ పూల్ బొమ్మలు సరే. కింద ధర చూస్తే మాత్రం ఎవరికైనా అనుమానం రావాలి. సెయింట్ కిట్స్ అండ్ నీవిస్ అనే దేశం మొత్తం విస్తీర్ణం 269 చదరపు కిలోమీటర్లు, జనాభా యాభై వేలకు అటూ ఇటూ, అంటే మన దగ్గర ఒక మోస్తరు మున్సిపాలిటీ. అక్కడ ప్రభుత్వం ఆమోదించిన ప్రాజెక్టులో ఒక యూనిట్‌కి, చాలాసార్లు యూనిట్‌లో వాటాకి, కనీసం 3,25,000 డాలర్లు పెట్టమంటున్నారు. మన లెక్కలో మూడు కోట్లకు కాస్త అటూ ఇటూ. ఆ ధర ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే బ్రోషర్ పక్కన పెట్టి చెరకు తోటల దగ్గర మొదలుపెట్టాలి.

1624లో థామస్ వార్నర్ అనే ఇంగ్లీషువాడు అక్కడ దిగాడు, కరేబియన్‌లో ఇంగ్లీషువాళ్ల మొదటి స్థిరమైన వలస అదే. మరుసటేడు ఫ్రెంచివాళ్లూ వచ్చారు. 1626లో ఇద్దరూ కలిసి అక్కడి మూలవాసులైన కలినాగోలను ఊచకోత కోసి దీవిని పంచుకున్నారు. ఆ తర్వాత చెరకు, దానికోసం ఆఫ్రికా నుంచి బానిసలు. 1834లో బానిసత్వం రద్దయినా భూమి మాత్రం తోటల యజమానుల దగ్గరే ఉండిపోయింది, కూలీలు అదే తోటలో అదే చెరకు నరుకుతూ బతికారు. (చుట్టుపక్కల ఫ్రెంచి దీవులైన గ్వాడెలూప్, మార్టినిక్‌ల చెరకు తోటలకు తమిళులతో పాటు తెలుగు కూలీలను కూడా ఓడలెక్కించారు. ఆ దీవులతో మన మొదటి సంబంధం అది, ఇన్వెస్టర్లుగా కాదు.)

భూమి విషయంలో అసలు మలుపు 1975లో వచ్చింది. కార్మిక నాయకుడిగా ఎదిగిన రాబర్ట్ బ్రాడ్‌షా ప్రభుత్వం చెరకు భూములన్నిటినీ స్వాధీనం చేసుకుంది, మరుసటి ఏడాది ఫ్యాక్టరీని కూడా. అంటే సెయింట్ కిట్స్‌లో సాగుభూమిలో ఎక్కువ భాగానికి ఒక్కసారిగా సర్కారే యజమాని అయింది. ఇది పట్టించుకోవాల్సిన సంగతి, ఎందుకంటే ఆ తర్వాత అక్కడ భూమి ఎవరికి పోవాలి, ఎంతకి పోవాలి అనేది మార్కెట్ కంటే ప్రభుత్వమే ఎక్కువగా తేల్చింది. విదేశీయుడు మామూలుగా భూమి కొనాలంటే ఏలియన్ ల్యాండ్ హోల్డింగ్ లైసెన్స్ అని ఒకటి తీసుకోవాలి, దానికి ఆస్తి విలువలో పది శాతం దాకా కట్టాలి. పెట్టుబడి పెట్టినవాళ్లకు పౌరసత్వం ఇచ్చే పథకం కింద ఆమోదించిన ప్రాజెక్టులో కొంటే ఆ బాదరబందీ లేదు. బయటివాళ్ల డబ్బు ఆ ప్రాజెక్టుల వైపే మళ్లడానికి పాస్‌పోర్టుతో పాటు ఇదీ ఒక కారణం.

1983 సెప్టెంబరు 19న స్వాతంత్ర్యం వచ్చింది. మరుసటి ఏడాదే, 1984లో, పౌరసత్వ చట్టంలో ఒక చిన్న నిబంధన పెట్టారు: దేశంలో గణనీయంగా పెట్టుబడి పెట్టినవాళ్లకు పౌరసత్వం ఇవ్వొచ్చు అని. పెట్టుబడికి పౌరసత్వం ఇచ్చే పథకాల్లో ఇప్పటికీ నడుస్తున్న వాటిలో పాతది ఇదే. కానీ మొదటి ఇరవై ఏళ్లూ దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. వ్యక్తిగత ఆదాయపు పన్ను 1980లోనే ఎత్తేశారు, టూరిజం కోసం ఫ్రిగేట్ బే దగ్గర హోటళ్లు, కాండోలు కట్టుకుంటూ పోయారు, 1989లో అమెరికా సాయంతో ఆగ్నేయ ద్వీపకల్పం చివరిదాకా రోడ్డు వేశారు. అప్పటిదాకా మేకలు, కోతులు తప్ప పెద్దగా ఎవరూ తిరగని కొండలు ఆ రోడ్డుతో రియల్ ఎస్టేట్ అయిపోయాయి. రోడ్డు పడితే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, ఔటర్ రింగ్ రోడ్డు చూసినవాళ్లమే కదా.

చక్కెర మాత్రం ఏటా నష్టాలే తెచ్చిపెట్టింది. యూరప్ మార్కెట్‌లో ఈ దీవుల చక్కెరకు దొరికే ప్రత్యేక ధర తగ్గించబోతున్నారని తెలిసేసరికి ఇక లాభం లేదనుకుని 2005 జులైలో డెంజిల్ డగ్లస్ ప్రభుత్వం చెరకు పరిశ్రమను పూర్తిగా మూసేసింది. మూడున్నర శతాబ్దాల పంట ఒక సీజన్‌తో ఆగిపోయింది, చెరకు మోసిన చిన్న రైలు టూరిస్టుల బండి అయింది. ఆ ఖాళీని పూడ్చడానికి 2006లో చక్కెర పరిశ్రమ ప్రత్యామ్నాయ నిధి అని ఒక ఫౌండేషన్ పెట్టారు. ఇందులో కిటుకు ఏంటంటే, పౌరసత్వం కావాల్సినవాళ్లు ఇల్లు కొనక్కర్లేదు, ఈ నిధికి విరాళం ఇచ్చినా చాలు. అప్పటి నుంచి పాస్‌పోర్టుకు రెండు కౌంటర్లు: ఒకటి విరాళం, తిరిగిరాదు, రెండోది ఆస్తి, ఖరీదు ఎక్కువ, కానీ కొన్నేళ్ల తర్వాత అమ్ముకోవచ్చనే ఆశ. ఈ రెండో కౌంటరే మన బ్రోషర్.

2009లో ఆ పాస్‌పోర్టుతో వీసా లేకుండా యూరప్‌లోని షెంగెన్ దేశాలకు వెళ్లే వీలు దొరికింది. ఇక అమ్మకాలు ఎగిరాయి. 2013 నాటికి ఈ పథకం ద్వారా ఒక్క ప్రభుత్వ రంగానికి వచ్చే డబ్బే దేశ స్థూల ఉత్పత్తిలో దాదాపు నాలుగో వంతు అని ఐఎంఎఫ్ లెక్కగట్టింది. ఏ దేశమైనా అంత డబ్బు ఒకే దారిలో వస్తుంటే ఆ దారికి బానిస కాక ఏమవుతుంది? అదే కాలంలో ఇంకో ముచ్చట కూడా జరిగింది. మూసేసిన చెరకు కంపెనీ మిగిల్చిన బాకీలతో సహా ప్రభుత్వ అప్పు కొండంత పెరిగితే, జాతీయ బ్యాంకుకు కట్టాల్సిన బాకీలో పెద్ద భాగానికి బదులుగా దాదాపు 1,200 ఎకరాలు రాసిచ్చేశారు. ఆ ఎకరాలు అమ్ముడుపోతేనే బ్యాంకుకు డబ్బు, కొనేవాళ్లేమో నెమ్మదిగా, అంతంతమాత్రంగా వచ్చారు. పాస్‌పోర్టు తగిలించని భూమి అక్కడ ఎంత మెల్లగా కదులుతుందో చూడాలనుకునేవాళ్లు బ్రోషర్ కంటే ముందు ఈ వ్యవహారం చదవాలి.

తర్వాత దెబ్బలు మొదలయ్యాయి. 2014 మేలో అమెరికా ఆర్థిక నేరాల నిఘా విభాగం ఈ పాస్‌పోర్టులను కొందరు అక్రమ లావాదేవీలకు వాడుతున్నారని బ్యాంకులను హెచ్చరించింది, నవంబరులో కెనడా వీసా మినహాయింపు తీసేసింది. ఇంతలో పోటీ కూడా పెరిగింది. డొమినికా 1993 నుంచే ఉంది, 2013లో ఆంటిగ్వా, గ్రెనడా దిగాయి, ఆ తర్వాత సెయింట్ లూసియా. 2017లో ఇర్మా, మరియా తుపాన్లు వచ్చి పక్క దీవులను నేలమట్టం చేస్తే, అంతగా దెబ్బతినని సెయింట్ కిట్స్ తుపాను సహాయ నిధి పేరుతో పౌరసత్వం ధరను 1,50,000 డాలర్లకు దించింది. పాత విరాళం 2,50,000. వెంటనే ఆంటిగ్వా లక్షకి దిగింది. నాకైతే ఈ మొత్తం కథలో ఇంతకంటే సిగ్గుమాలిన ఘట్టం కనపడదు, తుపాను పేరు చెప్పి పండగ డిస్కౌంట్ పెట్టడం.

ఆస్తి కౌంటర్ కూడా దిగింది. అంతకుముందు 4,00,000 డాలర్లు పెట్టాల్సిన చోట 2,00,000 పెట్టి ఏడేళ్లు ఉంచుకుంటే చాలన్నారు. అంత డబ్బుకి ఇల్లేం వస్తుంది? అందుకే హోటల్ గదిలో వాటాలు, కట్టబోయే రిసార్ట్‌లో షేర్లు. మన ప్రీలాంచ్ వెంచర్ల సంగతి తెలిసినవాళ్లకి మిగతాది ఊహించుకోవడం కష్టం కాదు. కొన్ని ప్రాజెక్టులు నిజంగానే పూర్తయ్యాయి, బనానా బేలో 2017లో తెరిచిన పార్క్ హయత్ ఈ డబ్బుతో లేచిందే. కానీ ఆ ప్రాంతమంతటా సగంలో ఆగిన కట్టడాలకూ కొదవలేదు. పైగా ఏజెంట్లు తమ కమీషన్‌లోంచి కొంత వెనక్కి ఇచ్చి, అధికారిక ధర కంటే తక్కువకే పాస్‌పోర్టులు అంటగట్టే దొడ్డిదారి వ్యాపారం కూడా నడిచింది. దాన్ని ఆపడానికే 2023లో సెయింట్ కిట్స్ మళ్లీ ధరలు పెంచింది, 2024 మార్చిలో నాలుగు దీవులు కలిసి 2,00,000 డాలర్లకు తగ్గకూడదని ఒప్పందం రాసుకున్నాయి. అక్టోబరులో సెయింట్ కిట్స్ ఆస్తి ధరను 3,25,000కి సర్దింది. ఈ అంకెల్లో ఒక్కటి కూడా సిమెంటు, ఇసుక, గజం రేటు చూసి వేసింది కాదు. అన్నీ పాస్‌పోర్టు రేట్లే.

అందుకే తిరిగి అమ్మేటప్పుడు చిక్కు వస్తుంది. గడువు తీరాక కొనడానికి వచ్చేవాడికి కూడా పాస్‌పోర్టు కావాలనుకుంటే, డెవలపర్ దగ్గర కొత్త యూనిట్ ఉండగా మీ పాతదాన్ని అదే ధరకి ఎందుకు తీసుకుంటాడు? పాస్‌పోర్టు అక్కర్లేనివాడైతే అసలు విలువే ఇస్తాడు. ఈ రెండు ధరల మధ్య తేడా మీరు పాస్‌పోర్టుకి కట్టిన డబ్బన్నమాట. వాటా కొన్నవాళ్లకైతే ఇంకా ఇబ్బంది, హోటల్ నడిపేవాడు చెప్పిన లెక్కే లెక్క.

మనవాళ్లు ఇందులోకి ఎక్కువగా గ్రెనడా దారిలో వచ్చారు. అమెరికాతో ఈ-2 (అక్కడ వ్యాపారంలో పెట్టుబడి పెట్టేవాళ్లకిచ్చే) వీసా ఒప్పందం భారత్‌కి లేదు, గ్రెనడాకి ఉంది. హెచ్-1బీ మీద ఉండి గ్రీన్‌కార్డు వంతు రిటైర్మెంటు లోపు వస్తుందో రాదో తెలియని టెన్షన్‌లో ఉన్నవాళ్లకి, గ్రెనడాలో హోటల్ వాటా కొని, ఆ పాస్‌పోర్టుతో ఈ-2 మీద వ్యాపారం పెట్టుకోవచ్చనే మాట బాగా ఎక్కింది. 2022 డిసెంబరులో అమెరికా చట్టం మార్చింది: పెట్టుబడితో పౌరసత్వం తెచ్చుకున్నవాళ్లు ముందు ఆ దేశంలో మూడేళ్లు నివాసం ఉండాలి. ఇప్పటికీ కొందరు ఏజెంట్లు ఈ ఒక్క వాక్యాన్ని చివర్లో, మెల్లగా చెప్తారు.

మన వైపు నిబంధనలు కూడా బ్రోషర్‌లో ఉండవు. భారత్ రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు, వేరే దేశ పౌరసత్వం స్వచ్ఛందంగా తీసుకున్న రోజే ఇక్కడిది పోతుంది, పాస్‌పోర్టు సరెండర్ చేసి ఓసీఐకి (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే కార్డు) దరఖాస్తు పెట్టుకోవాలి, ఓసీఐ మీద ఇక్కడ సాగుభూమి కొనడానికి లేదు. విదేశాలకు డబ్బు పంపడానికి రిజర్వ్ బ్యాంక్ పెట్టిన పథకం ఎల్‌ఆర్‌ఎస్ పరిమితి మనిషికి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్లు, కాబట్టి 3,25,000 యూనిట్ ఒక్కరి పేరున ఒకే ఏడాదిలో కుదరదు, భార్యాభర్తలిద్దరూ కలిసి పంపాలి. ఆస్తి కోసం పంపే సొమ్ములో 2025 ఏప్రిల్ నుంచి పది లక్షలు దాటిన దానిపై 20 శాతం టీసీఎస్ (ముందస్తుగా వసూలు చేసే పన్ను) బ్యాంకు ముందే పట్టుకునే నిబంధన ఉంది. అది రిటర్నులో సర్దుబాటు అవుతుంది, కానీ ఆ రోజుకి చేతిలో ఉండాల్సిన డబ్బే.