లోపలి వెలుగు గొడవ మళ్లీ ఎందుకు? ముడి పడింది 1827లో

క్వేకర్లనే క్రైస్తవుల సంఘాలు మళ్లీ విడిపోతున్నాయి. ఒక ప్రాంతంలోని స్థానిక సంఘాలన్నీ కలిసి ఉండే పై సంస్థను వాళ్లు వార్షిక సభ అంటారు. 2013లో ఇండియానా వార్షిక సభ రెండుగా చీలింది. 1697 నుంచి నడుస్తూ వచ్చిన నార్త్ కరోలినా వార్షిక సభ 2017లో ఏకంగా మూతపడింది. అదే ఏడాది అమెరికా వాయవ్య రాష్ట్రాల వార్షిక సభ కొన్ని సంఘాలను బయటికి పంపాలని తీర్మానించింది. పైకి కనిపించే కారణాల్లో పెద్దది స్వలింగ సంబంధాల్లో ఉన్నవాళ్లను సంఘంలో చేర్చుకోవడం. "అది పాపం, వాక్యంలో స్పష్టంగా ఉంది" అని ఒక పక్షం. "మేం మౌనంగా కూర్చుని దేవుని కోసం కనిపెట్టుకున్నాం, వెలుగు మాకు ఈ దారి చూపింది" అని రెండో పక్షం.

దీన్ని పాత తరానికీ కొత్త తరానికీ తగవుగా తేల్చేయడం సులువే. కానీ ఈ మాటలే, దాదాపు ఇదే వరసలో, రెండు వందల ఏళ్ల కిందట ఫిలడెల్ఫియాలో వినిపించాయి. అప్పుడు విషయం స్వలింగ సంబంధాలు కాదు. పంచదార, నూలుబట్ట.

ఈ సమాజాన్ని మొదలుపెట్టిన జార్జ్ ఫాక్స్ ఎవరు, క్వేకర్లు అన్న పేరు ఎలా వచ్చింది, జైళ్లు, కొరడా దెబ్బలు, ఇవన్నీ చాలాచోట్ల దొరుకుతాయి, వదిలేస్తున్నాను. పాదిరి, బాప్తిస్మం, రొట్టె, ద్రాక్షారసం ఏవీ లేకుండా మౌనంగా కూర్చుని ఆరాధించే క్రైస్తవ సమాజం అని గుర్తుంటే చాలు. ప్రతి మనిషి లోపలా క్రీస్తు వెలుగు ఉంటుందన్నది వాళ్ల మూల విశ్వాసం. ఆ తొలి రోజుల్లోంచి రెండు విషయాలు మాత్రం తీసుకోవాలి. అవి లేకపోతే ఫిలడెల్ఫియాలో 1827లో జరిగిన చీలిక అర్థం కాదు.

మొదటిది ఒక ఏడుపు. 1652లో ఇంగ్లండ్‌లోని అల్వర్‌స్టన్ చర్చిలో ఫాక్స్ లేచి మాట్లాడాడు. క్రీస్తు ఇలా అన్నాడు, అపొస్తలులు అలా అన్నారు అని చెబుతారు సరే, మరి నువ్వేం చెప్పగలవు, నువ్వు వెలుగు సంబంధివేనా అని అడిగాడు. తన బల్ల దగ్గర నిలబడి వింటున్న మార్గరెట్ ఫెల్ అనే ఆమె కూలబడి ఏడ్చింది. మనమంతా దొంగలం, లేఖనాల్లోని మాటలు ఎత్తుకొచ్చుకున్నాం గానీ అవేవీ మన లోపల ఎరగం అని దేవునికి మొరపెట్టుకుంది. ఎన్నో ఏళ్ల తర్వాత ఆమే రాసుకున్న సంగతి ఇది. ఇప్పుడు "లోపలి వెలుగు" అనగానే మనసుకు హాయినిచ్చే మాటలా వినిపిస్తుంది గానీ, ఆ మొదటి తరానికి అది దొంగను పట్టించే దీపం. ముందు పాపాన్ని చూపించేది, ఆ తర్వాతే దాన్ని కడిగేది.

రెండోది ఒక వచనం. యోహాను సువార్త మొదటి అధ్యాయం తొమ్మిదో వచనం మన తెలుగు బైబిల్లో ఇలా ఉంటుంది: "నిజమైన వెలుగు ఉండెను, అది లోకములోనికి వచ్చుచు ప్రతి మనుష్యుని వెలిగించుచున్నది." ఇక్కడ లోకంలోకి వచ్చేది వెలుగు. ఫాక్స్ కాలంలో ఇంగ్లండ్‌లో చదివిన 1611 నాటి అనువాదంలో లోకంలోకి వచ్చేది మనిషి. లోకంలోకి వచ్చే ప్రతి మనిషినీ ఆ వెలుగు వెలిగిస్తుందని దాని అర్థం. గ్రీకు మూలం రెండు రకాలుగానూ చదవడానికి వీలిస్తుంది. మన అనువాదం చదివేవాళ్లకు ఈ వచనం క్వేకర్లకు ఎందుకంత ప్రాణమో ఒక పట్టాన తట్టదు. పుట్టిన ప్రతి బిడ్డకూ, బైబిల్ పేరు కూడా వినని మనిషికీ ఆ వెలుగు ఉందని వాళ్లు ఈ ఒక్క వాక్యం మీద నిలబడి చెప్పారు.

మరి పాపం సంగతి? ఆదాము పాపం రక్తంలోనే వస్తుందని, పసిబిడ్డకూ ఆ దోషం ఉంటుందని పడమటి సంఘాలకు నేర్పింది పాతకాలపు వేదాంతి అగస్టీన్. రోమా పత్రిక అయిదో అధ్యాయం పన్నెండో వచనాన్ని ఆయన లాటిన్‌లో చదివాడు. అందులో ఆ ఒక్కనియందు అందరూ పాపం చేశారు అన్న అర్థం వస్తుంది. మన బైబిల్లో మాత్రం గ్రీకును అనుసరించి "మనుష్యులందరు పాపము చేసినందున" అనే ఉంది. ఆదిలో క్వేకర్ల సిద్ధాంతాన్ని గట్టిగా కూర్చిన స్కాట్లండ్ మనిషి రాబర్ట్ బార్‌క్లే, ఆదిపాపం అనే పేరే లేఖనంలో లేదన్నాడు. మనిషి పడిపోయిన స్థితిలోనే ఉన్నాడు గానీ, తనంతట తాను ఆ పాపంలో చెయ్యి కలిపేదాకా పసిబిడ్డ లెక్కలో అది పడదన్నాడు. 1676లో ఆమ్‌స్టర్‌డామ్‌లో లాటిన్‌లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఒక పోలిక ఉంది. మనస్సాక్షి లాంతరు, క్రీస్తు వెలుగు అందులో పెట్టిన కొవ్వొత్తి. కొవ్వొత్తి లేకపోతే లాంతరు దేనికీ కొరగాదు.

ఈ పోలికను రెండు వైపుల నుంచీ పట్టుకోవచ్చు. కొవ్వొత్తి లాంతరుది కాదు, బయటి నుంచి వచ్చిందే, అంటే మనిషిలో సొంతంగా మంచేమీ లేదు అని ఒకరు. లాంతరు లేని మనిషి లేడు, కొవ్వొత్తి పెట్టని లాంతరూ లేదు అని మరొకరు. 1827లో కొట్లాడుకున్న ఇద్దరి చేతుల్లోనూ ఉన్నది ఈ ఒక్క పుస్తకమే.

ఇక ఆ చీలికకు నడిమధ్యన ఉన్న క్వేకర్ బోధకుడు ఎలియాస్ హిక్స్. 1748లో లాంగ్ ఐలండ్‌లో పుట్టాడు. వడ్రంగం నేర్చి, జెరికో అనే ఊళ్లో వ్యవసాయం చేసుకుంటూ ప్రసంగాలకు ఊళ్లు తిరిగేవాడు. ఆదాము చేసిన తప్పుకు మనకు శిక్ష ఉండదు, ప్రతి బిడ్డా ఆదాము మొదట ఉన్నంత నిర్దోషంగానే పుడుతుంది అనేవాడు. ఆకలి, కోరిక, కోపం దేవుడు పెట్టినవే, హద్దు దాటినప్పుడే అవి పాపమవుతాయి. సైతాను ఎక్కడో బయట లేడు, ఆ హద్దు దాటడంలోనే ఉన్నాడు. యేసు శరీరం నుంచి కారిన రక్తం నా పాపాన్ని దానంతటదే కడగదు, నా లోపల ఆయన ఆత్మ పనిచేస్తేనే కడుగుతుంది.

ఇవన్నీ చదివి ఈయన పాపాన్ని తేలిక చేశాడనుకోవచ్చు. అప్పటి సంఘ పెద్దలూ అలాగే అన్నారు. ఆయన బతికిన తీరు చూస్తే నాకు అలా అనిపించదు. ఆదాము మీద నుంచి ఆ బరువు తీసి, తన ఎదురుగా కూర్చున్నవాళ్ల ఒంటి మీది చొక్కా మీద పెట్టాడు. బానిసల చేత చేయించిన సరుకు యుద్ధంలో దోచుకున్న సొత్తుతో సమానమని 1811లో కరపత్రం రాశాడు. ఆ పంచదార తినేవాడు, ఆ నూలు కట్టేవాడు, ఆ సరుకు అమ్మేవాడు అందరూ అందులో భాగస్తులే. తోటి క్వేకర్లు అప్పటికే బానిసలను విడిచిపెట్టేశారు, అందుకు వాళ్లకు తృప్తిగానే ఉంది. ఆ తృప్తి మీదే ఆయన వేలు పెట్టాడు.

1819లో ఫిలడెల్ఫియా పైన్ స్ట్రీట్ సభలో జరిగింది చూడండి. ఆ ఊళ్లో పెద్దల్లో చాలామంది వర్తకులు. హిక్స్ అక్కడ బానిస సరుకు గురించి మాట్లాడి, సభ అనుమతి తీసుకుని పక్క గదిలో కూడిన ఆడవాళ్లతో మాట్లాడటానికి వెళ్లాడు. క్వేకర్లలో అప్పట్లో మగవాళ్లకూ ఆడవాళ్లకూ వ్యవహారాల సభలు వేరువేరుగా జరిగేవి. ఆయన అటు వెళ్లగానే జొనాథన్ ఎవన్స్ అనే పెద్ద సభ ముగిద్దామన్నాడు. ముగించేశారు. డెబ్భై దాటిన మనిషి తిరిగొచ్చేసరికి బల్లలు ఖాళీ. సిద్ధాంతం మాట ఎవరూ ఎత్తలేదు, అతిథిని ఒంటరిగా వదిలేసి ఇంటికి పోయారు. "ఈయన క్రీస్తు దైవత్వాన్నే కాదంటున్నాడు" అన్న ఆరోపణ అదే పెద్దల నోట గట్టిగా వినబడింది ఆ తర్వాతి ఏళ్లలో. నా దృష్టిలో ఈ గొడవకంతా మూలం ఆ ఖాళీ గది.

పెద్దల భయం ఊరికే పుట్టింది కాదని కూడా చెప్పాలి. 1656లో జేమ్స్ నైలర్ అనే క్వేకర్ బోధకుడు వానలో గుర్రమెక్కి బ్రిస్టల్ ఊళ్లోకి వస్తే, వెంట ఉన్నవాళ్లు యెరూషలేములో క్రీస్తుకు పాడినట్టు పాటలు పాడారు. నాలోని క్రీస్తుకు గుర్తుగా చేశాను అన్నాడాయన. పార్లమెంటు ఆయన నాలుకను కాల్చిన ఇనపకమ్మితో పొడిపించి, నుదుటి మీద వాత పెట్టించింది. లోపలి గొంతు దేవుడిదో, మన అహంకారానిదో తేల్చేదెవరు అన్న ప్రశ్న అప్పటి నుంచీ ఉంది. లేఖనమే తేల్చాలన్నది పెద్దల జవాబు. ఆ రోజుల్లో ఇంగ్లండ్ నుంచి ఓడలెక్కి వచ్చిన ఆనా బ్రెయిత్‌వెయిట్, థామస్ షిల్లిటో వంటి బోధకులూ వాళ్ల పక్షమే మాట్లాడారు. 1823లో పెద్దలు పాత క్వేకర్ల రాతల్లోంచి ఏరి ఒక విశ్వాస ప్రకటన లాంటిది తయారు చేశారు. విశ్వాస ప్రమాణాలే వద్దన్న సమాజంలో! వార్షిక సభ దాన్ని ఒప్పుకోలేదు.

1827 ఏప్రిల్‌లో ఆర్చ్ స్ట్రీట్ భవనంలో వార్షిక సభ కూడింది. క్వేకర్ల సభల్లో చేతులెత్తడం, ఓట్లు లెక్కపెట్టడం ఉండవు. అందరి మాటలూ విని సభ మనసు ఇదీ అని క్లర్కు రాసిందే తీర్మానం. కాబట్టి పేరుకు గుమాస్తా అయినా పగ్గాలన్నీ ఆయన చేతిలోనే. ఆ కుర్చీలో పెద్దల మనిషి శామ్యూల్ బెట్టిల్ ఉన్నాడు. హిక్స్‌ను అభిమానించేవాళ్లు జాన్ కామ్లీని కూర్చోబెట్టాలన్నారు. టెన్షన్ పెరిగింది, మాటలు చాలా దూరం పోయాయి, బెట్టిల్ కదల్లేదు. వారం గడిచేసరికి కామ్లీ పక్షం గ్రీన్ స్ట్రీట్‌లో విడిగా కూడింది. ఆ వార్షిక సభ కింద ఉన్నవాళ్లలో మూడింట రెండొంతుల మంది, ముఖ్యంగా పల్లెలవాళ్లు, అటే నడిచారు. మరుసటి ఏడాది న్యూయార్క్, బాల్టిమోర్, ఒహాయో, ఇండియానాల్లోనూ ఇదే చీలిక. ఒహాయోలోని మౌంట్ ప్లెజెంట్‌లో అయితే తోపులాటలో క్లర్కు ముందున్న బల్ల విరిగిపోయింది. యుద్ధమే పాపమని చెప్పేవాళ్ల సభలో!

తర్వాత ఆస్తులు. న్యూజెర్సీలోని క్రాస్‌విక్స్‌లో ఒక బడి నిధి ఎవరిదన్న దావా కోర్టుకు వెళ్లింది. డబ్బు ఎవరిదో తేల్చడానికి న్యాయమూర్తుల్లో ఒకరు త్రిత్వం, ప్రాయశ్చిత్తం, లేఖనాల ప్రేరణ గురించి ఎవరు ఏం నమ్ముతున్నారో చర్చించాల్సి వచ్చింది. 1832లో తీర్పు పెద్దల పక్షానికి వచ్చింది, మరుసటి ఏడాది అప్పీలులోనూ నిలిచింది. లండన్ వార్షిక సభ హిక్స్ వర్గంతో ఉత్తరాలే మానేసింది.

ఈ చీలికలో రెండు పక్షాలూ చెరో ముక్కా పట్టుకుపోయాయి. మార్గరెట్ ఫెల్‌ను ఏడిపించిన వెలుగులో పాపమూ వెలుగూ విడివిడిగా లేవు. చీలాక ఒక పక్షంలో వెలుగు అనే మాట మెల్లగా మనిషి మంచితనానికి ఇంకో పేరయింది. రెండో పక్షంలో ఆ మాటే అనుమానాస్పదమైంది. అక్కడి నుంచి దారి సూటిగానే ఉంది. నార్విచ్ బ్యాంకరు జోసెఫ్ జాన్ గర్నీ 1837లో అమెరికా వచ్చి మూడేళ్లు తిరిగి పెద్దల పక్షంలో లేఖనానికి ఇంకా పెద్దపీట వేయించాడు. ఆ తర్వాత ఉజ్జీవ సభలు, జీతం మీద పాస్టర్లు, పాటలు వచ్చాయి. 1878లో ఒహాయోలో గర్నీ వర్గపు వార్షిక సభ ప్రతి మనిషి ఆత్మలో వెలుగు ఉందన్న బోధ ప్రమాదకరమనీ లేఖన విరుద్ధమనీ తీర్మానం చేసింది. ఫాక్స్ మొదలుపెట్టిన సమాజంలో, ఫాక్స్ చెప్పిన మాట మీద!

1887లో ఇండియానాలోని రిచ్‌మండ్ పట్టణంలో గర్నీ వర్గపు సభలన్నీ కూడి ఒక విశ్వాస ప్రకటన చేశాయి. మనిషి మనసులో గానీ హృదయంలో గానీ స్వభావసిద్ధంగా ఏ ఆత్మీయ వెలుగునూ మేం ఒప్పుకోం అని అందులో ఉంది. దాన్ని ముఖ్యంగా రాసింది జోసెఫ్ బెవన్ బ్రెయిత్‌వెయిట్. హిక్స్‌కు ఎదురు నిలిచిన ఆనా బ్రెయిత్‌వెయిట్ కొడుకే ఆయన. తల్లి వాదన అరవై ఏళ్ల తర్వాత కొడుకు చేతిలో ప్రకటన అయింది. లండన్ వార్షిక సభ దాన్ని స్వీకరించలేదు. 1902లో కెన్యాలోని కైమోసికి వెళ్లిన మిషనరీలు ఈ సంప్రదాయం నుంచి వెళ్లినవాళ్లే. ఇప్పుడు ప్రపంచంలో క్వేకర్లు అందరికంటే ఎక్కువగా ఉన్న దేశం కెన్యా.

ఫిలడెల్ఫియాలోని రెండు సభలూ 1955లో మళ్లీ ఒకటయ్యాయి. రిచ్‌మండ్ ప్రకటనను పట్టుకున్న సభలు మాత్రం దాన్ని వదల్లేదు.

హిక్స్ 1830 ఫిబ్రవరిలో పోయాడు. పక్షవాతంతో మాట పడిపోయింది. చలికి ఎవరో ఒక దుప్పటి కప్పారు. ఒక చేత్తో దాన్ని నెట్టేస్తున్నాడు, మళ్లీ కప్పితే మళ్లీ నెట్టేస్తున్నాడు. అది నూలు దుప్పటి అని కాసేపటికి ఎవరికో తట్టింది. తీసి ఉన్నిది కప్పాక పడుకున్నాడు.

ఇండియానా చీలికకు నిప్పు రాజుకున్నది 2008లో ఒక స్థానిక సంఘం స్వలింగ సంబంధాల్లో ఉన్నవాళ్లకు స్వాగతం చెబుతూ చేసిన తీర్మానంతో. ఆ సంఘం ఉన్నది కూడా రిచ్‌మండ్‌లోనే, 1887 ప్రకటన పుట్టిన ఊళ్లోనే.