మురుగు నుంచి కరెంటు: గాజుపాత్ర దాటితే ఏమవుతోంది?

విశాఖ గెడ్డల (మురుగు పారే వాగుల) అడుగున పేరుకున్న నల్లటి బురదను కదిపితే కుళ్లిన గుడ్ల వాసన గుప్పుమంటుంది. అక్కడ ఆక్సిజన్ అందదు. అలాంటి చోట బతికే కొన్ని బ్యాక్టీరియాలు తిండిలోంచి వచ్చిన ఎలక్ట్రాన్లను ఇనుప ఖనిజాలకు వదిలించుకుంటాయి. ఖనిజం బదులు కార్బన్ ఎలక్ట్రోడ్ (ఆనోడ్) పెడితే దానికే ఇచ్చేస్తాయి. అక్కడి నుంచి అవి తీగ గుండా రెండో ఎలక్ట్రోడ్‌కు (కాథోడ్) పారితే అదే కరెంటు. ఈ అమరికను మైక్రోబియల్ ఫ్యూయల్ సెల్, క్లుప్తంగా సెల్ అంటారు. జియోబాక్టర్ అనే బ్యాక్టీరియా అయితే ఇందుకోసం ప్రొటీన్ తీగలే చాపుతుంది. ఆ తీగల పొడవునా ఇనుమున్న హీమ్ అణువులు వరుసకట్టి ఉంటాయని 2019లో తేలింది.

సూక్ష్మజీవులతో కరెంటు పుట్టించవచ్చని ఇంగ్లండ్‌లో పాటర్ అనే శాస్త్రవేత్త 1911లోనే చూపించాడు. అయినా నగరాల మురుగు శుద్ధి కేంద్రాల్లో ఇది ఇంకా కుదురుకోలేదు. గాజుపాత్రలో బాగా నడిచేది ట్యాంకు సైజుకి పెంచేసరికి చతికిలబడుతోంది. మురుగునీటిలో కరెంటు సులువుగా పారదు. ఎలక్ట్రోడ్ల మధ్య ఎడం పెరిగేకొద్దీ నష్టం పెరుగుతుంది. గాలి తగిలే కాథోడ్ మీద లోపలి నీటి ఒత్తిడి పడి లీకులొస్తాయి, పాచీ సున్నపు పొరా పట్టేస్తాయి. అందుకే ఒక్క పెద్ద సెల్ కట్టకుండా చిన్నవి చాలా కలపాలి. 2007లో ఆస్ట్రేలియాలో యటాలా బీరు ఫ్యాక్టరీ దగ్గర పెట్టిన ఘనమీటరు యూనిట్‌లో 12 గొట్టాలు వాడారు.

అసలు పేచీ ఆ కలపడంలోనే ఉంది. పనిచేస్తున్నప్పుడు ఒక్కో సెల్ ఇచ్చేది సాధారణంగా అర వోల్టు లోపే. వరుసగా కలిపితే, తిండి తగ్గిన సెల్ గుండా మిగతావి కరెంటును బలవంతాన నెడతాయి. దాని వోల్టేజీ తిరగబడి ఆనోడ్ మీది బ్యాక్టీరియా పొర దెబ్బతింటుంది. మురుగేమో రోజంతా ఒకేలా రాదు, వాన పడితే పలచబడిపోతుంది. సెల్స్‌తో కెపాసిటర్లను (విద్యుత్తును కాసేపు దాచుకునే పరికరాలు) విడివిడిగా నింపి, ఆ కెపాసిటర్లను వరుసగా కలిపి వాడుకోవడం దీనికి మంచి విరుగుడు.

నా మట్టుకు నాకు పుట్టే కరెంటు కన్నా మిగిలే కరెంటే ముఖ్యం. మామూలు కేంద్రాల్లో వాడే విద్యుత్తులో దాదాపు సగం నీళ్లలోకి గాలి ఊదడానికే పోతుంది. ఇక్కడి బ్యాక్టీరియాకు ఆక్సిజన్ అక్కర్లేదు కాబట్టి ఆ ఖర్చు చాలావరకు తప్పుతుంది, చివర మిగిలే బురదా తక్కువే.

విశాఖలో అయితే నగర మురుగుతో కాకుండా చేపలు, రొయ్యలు శుద్ధి చేసే యూనిట్లతో మొదలుపెట్టాలంటాను. ఆ నీటిలో సేంద్రియ పదార్థం ఎక్కువ. ఉప్పు ఉన్నచోట కరెంటుకు దారీ సుగమమే. చలిదేశాల్లోలాగా శీతకాలంలో బ్యాక్టీరియా మందగిస్తుందన్న బెడదా లేదు. కాకపోతే కొవ్వు, పొలుసులు ముందే తీసెయ్యాలి, లేదంటే ఎలక్ట్రోడ్లు పూడుకుపోతాయి.