గుంటలెన్ని? ఉపగ్రహ చిత్రంలో లెక్క వెనుక ఉన్న గణితం

నెల్లూరు నుంచి మైపాడు వైపు వెళ్తే ఇందుకూరుపేట దాటాక రోడ్డుకు రెండు పక్కలా రొయ్యల గుంటలు కనిపిస్తాయి. గుంటకూ గుంటకూ మధ్య గట్టు ఉంటుంది. అక్కడ నిలబడి చూసేవాళ్ళకు ఏ గుంట ఎక్కడిదాకానో ఎవరూ చెప్పక్కర్లేదు. అదే చోటు ఉపగ్రహ చిత్రాన్ని కంప్యూటర్‌కు ఇచ్చి లెక్కపెట్టమంటే మాత్రం, మనం పెట్టిన నియమాన్ని బట్టి పది రావచ్చు, ఒకటే రావచ్చు.

ఈ తేడా చిన్నది కాదు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగుపై తీర్పు ఇచ్చింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. ఏ గుంట ఎక్కడ ఉందన్నది కాగితం మీద తేలాల్సిన విషయమైంది.

దీని వెనుక ఉన్న గణితం పేరు టోపాలజీ. 1847లో ఆ మాటను తన పుస్తకానికి పేరుగా పెట్టినవాడు జర్మన్ గణితవేత్త లిస్టింగ్. పొడవు, కోణం లాంటివి వదిలేసి ఏది దేనితో కలిసి ఉంది, రంధ్రాలు ఎన్ని అన్నదే చూస్తుంది ఇది. 1887లో ఫ్రెంచి గణితవేత్త జోర్డాన్ ఒక సిద్ధాంతం ప్రకటించాడు: ఎక్కడా తనను తాను తాకకుండా తిరిగి మొదటి చోటికే వచ్చి కలిసే గీత, తలాన్ని లోపల, బయట అని సరిగ్గా రెండుగా విడదీస్తుంది. చుట్టూ గట్టు వేస్తే నీళ్ళు బయటికి పోవు, అంతే కదా అనిపిస్తుంది. కంప్యూటర్ చిత్రాల్లో గీత పోయి గళ్ళు (పిక్సెల్స్) వచ్చాక ఆ అంతే కదా నిలబడలేదు.

గళ్ళు వచ్చింది 1957లో. అమెరికాలో రసెల్ కిర్ష్ తన మూడు నెలల కొడుకు ఫోటోను 176 అడ్డం, 176 నిలువు గళ్ళుగా కంప్యూటర్‌లోకి ఎక్కించాడు.

ఇప్పుడు ఒక గళ్ళ నోటుబుక్కు తీసుకోండి. ఒక గడికి పైన, కింద, కుడి, ఎడమ ఉన్న నాలుగు గళ్ళూ నల్లగా నింపండి. నలుపు గట్టు, మధ్యలో మిగిలిన తెల్ల గడి నీళ్ళు. నల్ల గళ్ళు ఒకదాన్నొకటి మూలల్లోనే తాకుతున్నాయి. మూల తగిలినా కలిసినట్టే అంటే గట్టు తెగలేదు. అదే నియమం నీళ్ళకూ పెడితే, తెగని గట్టులోంచి నీళ్ళు మూలల దారిన బయటికి పోయినట్టే! పోనీ, మూలలు లెక్కకు రావంటే గట్టు నాలుగు ముక్కలైంది, అయినా నీళ్ళు లోపలే ఉండిపోయాయి. రెండు రకాలుగానూ జోర్డాన్ సిద్ధాంతం దెబ్బతింది.

మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో అజ్రియేల్ రోజెన్‌ఫెల్డ్ ఈ చిక్కు మీద పని చేశాడు. 1966లో జాన్ ఫాల్ట్జ్‌తో కలిసి, చిత్రంలో విడివిడి ముక్కలకు వేరువేరు గుర్తులు వేసే పద్ధతి ఇచ్చాడు. 1970లో గళ్ళ చిత్రాల్లో కలిసి ఉండటం అంటే ఏమిటో తేల్చే వ్యాసం రాశాడు. పరిష్కారం వింటే ఇంత తేలికా అనిపిస్తుంది: నలుపుకు ఒక నియమం, తెలుపుకు ఇంకో నియమం. గట్టుకు మూలలతో కలిపి ఎనిమిది పొరుగులు, నీళ్ళకు నాలుగే. అప్పుడు సన్నటి గట్టు కూడా నీళ్ళను ఆపుతుంది. డిజిటల్ టోపాలజీ అనే శాఖ ఇలాంటి ప్రశ్నల చుట్టూనే పెరిగింది. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చేది ఈ మెట్టే.

మనకు దగ్గర్లోనూ ఈ ఆలోచన నడిచింది. 1974లో మద్రాసులో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ చుక్కల ముగ్గులకు వ్యాకరణం, అంటే బొమ్మను కట్టే నియమాలు, రాసి చూపించారు. సంక్రాంతికి మన వాకిళ్ళలో వేసే ముగ్గు కూడా చుక్కల వరసల మీద నడిచే బొమ్మే.

ఇక మిగిలింది గడి సైజు. 2003 అక్టోబరు 17న శ్రీహరికోట నుంచి వెళ్ళిన రిసోర్స్‌శాట్-1 ఉపగ్రహంలో లిస్-3 కెమెరా చిత్రంలో ఒక్కో గడి నేల మీద 23.5 మీటర్ల చదరం. అంటే దాదాపు పదమూడున్నర సెంట్ల నేల. మూడు మీటర్ల గట్టు అందులో విడిగా కనపడదు. ఆ గడికి నీళ్ళకూ మట్టికీ మధ్య రంగు వస్తుంది. లిస్-4లో గడి 5.8 మీటర్లు, సెంటు కన్నా తక్కువ. అక్కడ కొంత నయం.

ఆ మధ్య రంగును నీళ్ళు అనాలా, గట్టు అనాలా? ఎక్కడ గీత గీసినా పేచీయే. 2000లో ఎడెల్స్‌బ్రున్నర్, లెట్షర్, జొమోరోడియన్ ఇచ్చిన పర్సిస్టెంట్ హోమాలజీ అనే పద్ధతి ఒకే చోట గీత గీయమనదు. నవంబరు వానలకు వరి కయ్యలు నిండటం చూసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. ముందు ఒక్కో కయ్యలో నీళ్ళు చేరతాయి, మట్టం పెరిగేకొద్దీ గట్లు మునిగి రెండు కయ్యలు ఒకటవుతాయి. రంగు మట్టాన్ని అలాగే మెల్లగా పెంచుతూ, ప్రతి ముక్కా ఏ మట్టంలో పుట్టిందో, ఏ మట్టంలో పక్కదానిలో కలిసిందో రాసుకుంటారు. చాలాసేపు విడిగా నిలిచింది నిజంగా గుంట అయ్యే అవకాశం ఎక్కువ. పుట్టగానే కలిసిపోయింది మెరుపో, మబ్బు నీడో కావచ్చు.

అందుకే గుంటల లెక్క ఎవరు ఇచ్చినా నేను మూడు విషయాలు అడుగుతాను: గడి ఎంత, పొరుగులు నాలుగా ఎనిమిదా, మట్టం ఎక్కడ పెట్టారు. గట్టు ఆనవాలు చిత్రంలో అసలే పడకపోతే మాత్రం ఏ పద్ధతీ దాన్ని తిరిగి తేలేదు. అలాంటి చోట ఇందుకూరుపేట దాకా వెళ్ళి, గట్టు మీద నడిచి చూసి రావాల్సిందే.