తల్లీబిడ్డ క్షేమం అన్న తర్వాత

కానుపు కాగానే ఆసుపత్రి వరండాలోంచి ఫోన్లు వెళ్తాయి: "తల్లీబిడ్డ క్షేమం." ఇక మాటలన్నీ బిడ్డ బరువు, పోలిక, నక్షత్రం చుట్టూ తిరుగుతాయి. లోపల నీకేం జరిగిందని బాలింతను అడిగేవాళ్లు తక్కువ.

ఒక బాలింతను ఊహించుకోండి. కానుపులో రక్తస్రావం ఆగలేదు. నర్సులు పరుగులు పెడుతుంటే 'ఇక నేను బతకను' అనుకుంది. బతికింది. ఆరో వారంలో పాపకు టీకా వేయించాలి, అదే ఆసుపత్రిలో. ఆటో గేటు దగ్గర ఆగేసరికి ఫినాయిల్ వాసన తగిలింది. గుండెదడ, అరచేతుల్లో చెమట. "పాపకు జలుబుగా ఉంది, వచ్చే వారం వద్దాం" అంటుంది. పాపకు జలుబేమీ లేదు.

ఇంట్లోవాళ్లు "బాలింతకి ఆ మాత్రం టెన్షన్ మామూలే" అంటారు. డాక్టరు దాకా వెళ్తే డిప్రెషన్ అనుకునే అవకాశమూ ఉంది. ప్రసవానంతర డిప్రెషన్‌ను పసిగట్టడానికి 1987లో తయారైన ఎడిన్‌బరో ప్రశ్నావళిలో పది ప్రశ్నలుంటాయి. దిగులు, ఏడుపు, నిద్ర గురించి అడుగుతుంది గానీ, ఆ కానుపు కళ్లముందు మళ్లీ మళ్లీ మెదులుతోందా అని అడగదు. ఆమెకున్నది పీటీఎస్‌డీ కావచ్చు, అంటే ప్రాణభయం లాంటి ఘటన ముగిసినా మనసులో మానని గాయం. డిప్రెషన్ కూడా దానితో కలిసి రావచ్చు.

పీటీఎస్‌డీ 1980లో అమెరికా మనోవైద్యుల జాబితాకెక్కింది, ముఖ్యంగా వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల వల్ల. మామూలు మానవ అనుభవానికి మించిన ఘటన జరిగితేనే ఇది వస్తుందని అప్పటి నిర్వచనం. కానుపు కంటే మామూలు విషయం ఇంకేముంటుంది? 1994లో ఆ షరతు తీసేశాకే తల్లులకు ఇందులో చోటు దొరికింది. 2017లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం కానుపు తర్వాత సాధారణ తల్లుల్లో సుమారు 4 శాతం, కానుపు కష్టమైనవాళ్లలాంటి ముప్పు ఎక్కువున్న వర్గాల్లో 18.5 శాతం మందికి ఇది ఉంది.

ప్రాణభయం వేళ మెదడు వాసనల్నీ చప్పుళ్లనూ గట్టిగా పట్టుకుంటుంది, అవి ఎప్పటివో మాత్రం సరిగా రాసుకోదని శాస్త్రజ్ఞుల వివరణ. అందుకే ఫినాయిల్ వాసన ఆమెకు జ్ఞాపకంగా రాదు, ఆ గంటే తిరిగొస్తుంది. మళ్లీ నెల తప్పితే భయం ఇంకా ముందే మొదలవుతుంది.

సిజేరియన్ అయితేనే ఇలా అవుతుందనుకోవద్దు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కానుపులు సిజేరియన్లే, వాళ్లందరికీ ఇది రాదు. అనుకోకుండా ఆపరేషన్‌కి తీసుకెళ్లడం, ఏం చేస్తున్నారో చెప్పకపోవడం, తోడు లేకపోవడం ముప్పు పెంచుతాయి. "ఇప్పుడరిస్తే ఏం లాభం?" అన్న లేబర్ రూమ్ మాట కూడా, నన్నడిగితే, గాయమే. 2017 చివర్లో కేంద్రం తెచ్చిన 'లక్ష్య' కార్యక్రమం ప్రసవ సమయంలో గౌరవం, తోడు ఉండాలంటోంది. దానికి కావలసింది ఒక కుర్చీ, ఒక కర్టెన్.

లక్షణాలు నెల దాటినా తగ్గకపోతే చూపించుకోవాలి. మందులు లేకుండానే, గాయం మీదే దృష్టి పెట్టే మాటల చికిత్సలున్నాయి. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. అప్పటిదాకా పాప టీకా ఆపక్కర్లేదు. ఏఎన్ఎం అంగన్‌వాడీకి వచ్చే రోజు అక్కడే వేయించొచ్చు. ఆ గేటు సంగతి థెరపిస్టు తోడుగా, మెల్లగా చూసుకోవచ్చు: మొదట ఎదురు ఫుట్‌పాత్ దాకా, తర్వాత గేటు దాకా.