డేరా కొట్టు ఆకు, స్లాబు కొట్టు ఆకు

నెల్లూరులో ఎనిమిదో తరగతి చదివే మా అక్క కూతురు మొన్న ప్రపంచ పటంలో శీతోష్ణ మండలాలకు రంగులు వేస్తూ ఓ ప్రశ్న వేసింది. "మామయ్యా, మన లాంటి చోట్ల చెట్లు ఎండాకాలం ఆకులు రాలుస్తాయని పుస్తకంలో ఉంది. మరి పాలపండ్లు కాసే పాలచెట్టు రాల్చదేం?"

మంచి ప్రశ్న. దాన్ని పట్టుకుని రెండు రోజులు కూర్చున్నాను.

టండ్రా, టైగా, స్టెప్పీ అంటూ బళ్ళో బట్టీ పట్టించే పట్టిక ఇక్కడ రాయను. అది ఎలా పుట్టిందో మాత్రం చెప్పాలి. 1846లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టిన వ్లదీమిర్ కోపెన్ చదువుకునే రోజుల్లో ఆ చలి ఊరికీ క్రిమియా తీరానికీ మధ్య తిరుగుతూ, దారిలో చెట్లు ఎలా మారిపోతున్నాయో గమనించాడు. 1900లో ఆయన వేసిన వాతావరణ విభజనకు మొక్కలే ఆధారం. అంటే మండలాల హద్దులు ముందు చెట్లు గీశాయి, లెక్కలు తర్వాత వచ్చాయి.

ఆయన లెక్కలో అత్యంత చల్లటి నెలలో కూడా సగటు 18 డిగ్రీలు దాటి ఉంటే అది 'ఏ' మండలం. మన చలి సంగతి తెలిసిందేగా, నెల్లూరు అందులోకే వస్తుంది. తమాషా అంతా రెండో అక్షరంలో ఉంది. మన దేశంలో 'ఏ' మండలం చాలావరకు 'డబ్ల్యూ', అంటే చలికాలం పొడి. మన నెల్లూరు ఉన్న కోరమాండల్ తీరం మాత్రం 'ఎస్', ఎండాకాలం పొడి. ఆయన లెక్కలో ఎండాకాలం అంటే ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా, మన వానాకాలం కూడా అందులోదే. నైరుతి గాలి పడమటి కనుమల మీదే తడి దించుకుని వట్టి చేతులతో మన దగ్గరికి వస్తుంది. ఈశాన్య గాలి బంగాళాఖాతం మీదుగా తడి మోసుకొస్తుంది. నెల్లూరులో ఏడాదికి పడే సుమారు వెయ్యి మిల్లీమీటర్లలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరులోనే. శ్రీలంకలో కొంత మేరా, ఈశాన్య బ్రెజిల్‌లోనూ ఇదే అక్షరం కనిపిస్తుంది.

ఇక ఆకు దగ్గరికి వద్దాం. రొట్టెల పండగకి స్వర్ణాల చెరువు దగ్గర వేసే కొట్లు చూశారుగా? నాలుగు వెదుర్లు, ఒక పట్టా. ఖర్చు తక్కువ, బేరం జోరు, జనం పల్చబడగానే ఎత్తేయడం. టేకు ఆకు అచ్చం ఇదే. పల్చన, వెడల్పు. వానల నాలుగు నెలల్లో దండిగా సంపాదించి పెడుతుంది. ఎత్తేసేటప్పుడు కొట్టువాడు పట్టా మడిచి తీసుకెళ్లినట్టే, చెట్టు ఆకులోని నత్రజనిలో దాదాపు సగాన్ని కొమ్మలోకి లాక్కుని మరీ ఆకుని వదిలేస్తుంది.

పాలచెట్టు ఆకు ట్రంకు రోడ్డు మీద స్లాబు వేసిన కొట్టు. ఒకటి తుంచి చూడండి. చిన్నది, తోలులా మందం, కొసన చిన్న నొక్కు. తుంచిన చోట పాలు. దీన్ని కట్టడానికి పెట్టుబడి ఎక్కువ, కాబట్టి ఏళ్ళ తరబడి నడిస్తేనే గిట్టుబాటు. మిట్టమధ్యాహ్నం షట్టరు దించేస్తుంది. ఆకు రంధ్రాలు తెరిస్తే, లోపలికి వచ్చే ఒక్కో కార్బన్ డయాక్సైడ్ అణువుకీ వందల నీటి అణువులు ఆవిరైపోతాయి మరి. పశువులూ పురుగులూ దోచుకోకుండా ఆ పాలే తాళం. లాభం ఏమిటంటే, మన తీరంలో జూన్, జూలైలలో ఏ సాయంత్రమో ఉరుములతో ఒక జల్లు పడుతుంది. ఆ బేరం డేరా ఎత్తేసినవాడికి దక్కదు. పైగా సముద్రం పక్కన గాలిలో తడి ఉంటుంది, ఆవిరి ఖర్చు కాస్త తగ్గుతుంది.

కథ కర్రలోనూ ఉంది. వేరు నుంచి ఆకు దాకా నీరు తెగని దారంలా లాగబడుతూ ఉంటుంది. నేల ఎండేకొద్దీ ఆ లాగుడు పెరిగి, ఒక గాలి బుడగ లోపలికి దూరిందంటే ఆ గొట్టం పని అయిపోయినట్టే. గొట్టం వెడల్పు రెండింతలైతే ప్రవాహం పదహారింతలు. టేకు అలాంటి వెడల్పు గొట్టాల మీదే పందెం కాస్తుంది. కోసిన టేకు చెక్క అడ్డుకోత చూడండి, చిల్లులు వరసగా కంటికే కనిపిస్తాయి. పాలకర్ర మహా బరువు, గట్టి. సన్న గొట్టాలు, నీళ్ళు నిదానం, కానీ బుడగ భయం తక్కువ.

      

ఏప్రిల్‌లో గిద్దలూరు నుంచి నంద్యాల రైలెక్కితే నల్లమల అంతా మోడు. టేకు, నల్లమద్ది, ఎత్తేసిన తిరునాళ్ళలా ఉంటాయి. అదే నెలలో శ్రీహరికోట పచ్చగా ఉంటుంది. పాల, అల్లి, నేరేడు చెట్లు కలిసి పెరిగే పొడి సతతహరిత అడవి అది. 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ మాకు ఇంకా నెల్లూరు శ్రీహరికోటే. తీరం పొడుగునా ఈ అడవి ముక్కలు ముక్కలై పోయినా, రాకెట్ల పుణ్యమా అని అక్కడికి గొడ్డలి అంతగా పోలేదు.

పిల్లకి ఇదంతా చెప్పాను. మన తీరానికి వేరే రంగు వేస్తానని కూర్చుంది. పటంలో ఆ పట్టీ పెన్సిల్ మొన కన్నా సన్నం. చివరికి ఒక పచ్చ చుక్క పెట్టి, ఎండాకాలం పాలపండ్లు కొనిపెట్టమని అడిగింది. తిన్నాక పెదాలు అంటుకుపోతే నన్ను అనొద్దన్నాను.