డబ్బు మిగలడం పాపం కాదు: సువార్తికుల పత్రిక పెట్టేవాళ్ల అపోహలు - వాస్తవాలు

"అన్నా, వందనాలు. బాప్టిస్టు సువార్తికుల కోసం ఒక మాసపత్రిక తేవాలని దేవుడు భారం పెట్టాడు. కవర్ డిజైన్ అయిపోయింది. ప్రెస్సువాళ్లతో మాట్లాడాం. మొదటి సంచిక ఖర్చంతా ఒక సహోదరుడు భరిస్తానన్నాడు."

ఇలాంటి ఫోన్లు నాకు తరచూ వస్తాయి. మాట్లాడేవాళ్ల గొంతులో సంతోషం తెలిసిపోతుంది. "మరి నాలుగో సంచికకు?" అని అడిగేసరికి అవతల కాసేపు మాట ఉండదు.

వాళ్లను నిరుత్సాహపరచాలని అడగను. ఇరవై ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను, కొన్ని పత్రికలకు సంపాదకుడిగా, కొన్నింటికి చందాలు, లెక్కలు చూసేవాడిగా. మధ్యలో ఆగిపోయిన క్రైస్తవ పత్రికలు చాలా చూశాను. రాసేవాళ్లకు కొదవ లేదు, ప్రార్థించేవాళ్లకు అసలే కొదవ లేదు. "లాభాపేక్ష లేని" అన్న మాటను తప్పుగా అర్థం చేసుకోవడం దగ్గరే వాటిలో ఎక్కువ దెబ్బతిన్నాయి.

అపోహ: లాభాపేక్ష లేని పత్రిక దగ్గర డబ్బు మిగలకూడదు, మిగిలితే వెంటనే పంచేయాలి.

వాస్తవం: మిగలొచ్చు, మిగలాలి కూడా. ఆ మిగులును స్థాపించినవాళ్లూ సభ్యులూ లాభం కింద పంచుకోకూడదు, ఏ పని కోసం సంస్థ పెట్టారో ఆ పనికే వాడాలి. లాభాపేక్ష లేకపోవడమంటే ఇంతే. పనిచేసిన సంపాదకుడికీ పేజీలు పెట్టే అబ్బాయికీ న్యాయమైన జీతం ఇవ్వడం లాభం పంచుకోవడం కిందికి రాదు. సంస్థను రిజిస్టర్ చేస్తే పన్ను మినహాయింపు దానంతటదే వస్తుందనుకునేవాళ్లూ ఉన్నారు. చాలా దేశాల్లో అవి రెండు వేర్వేరు పనులు, రెండింటికీ విడివిడిగా దరఖాస్తు చేయాలి. మీ దేశపు చట్టం తెలిసిన ఆడిటర్ దగ్గర ఒక పూట కూర్చోండి, చుట్టుపక్కలవాళ్ల మాట పట్టుకుని వెళ్లకండి.

నా మొదటి పత్రిక సంగతి చెబుతాను. ప్రారంభ కూటంలో అనుకున్నదానికంటే ఎక్కువ కానుకలు వచ్చాయి. మొదటి సంచిక ఖర్చులు పోను బాగానే మిగిలింది. కమిటీలో ఒక పెద్దాయన లేచి, "ఇది దేవుని సొమ్ము, మన దగ్గర దాచుకోకూడదు" అన్నారు. అందరం ఒప్పుకున్నాం. నేనూ చెయ్యెత్తాను. రెండో సంచిక రెట్టింపు ప్రతులు వేయించి ఉచితంగా పంచాం. మూడోది ఎలాగో వచ్చింది, నాలుగోది అప్పు మీద వచ్చింది. ఐదోది రాలేదు.

అప్పటికే కొన్ని వందలమంది ఏడాది చందా కట్టి ఉన్నారు. కూటాల వెంట ఊరూరా తిరిగే ఒక వృద్ధ సువార్తికుడు అప్పుడు ఉత్తరం రాశారు. ఈ మధ్య ఇల్లు మారానని, అందుకే పత్రిక తనకు చేరడం లేదేమోనని, కొత్త అడ్రసు పంపుతున్నానని, శ్రమ ఇస్తున్నందుకు మన్నించమని అందులో ఉంది. తప్పు తనదే అనుకున్నారాయన. ఆ ఉత్తరం ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. చందా సొమ్ము గురించి నేను ఇంత గట్టిగా మాట్లాడేది ఆ ఉత్తరం వల్లే.

చందా అంటే మన చేతికి ముందుగా వచ్చిన బాకీ. 12 సంచికలకు ఒకరు డబ్బు కడితే, మొదటి సంచిక వాళ్ల చేతికి అందాక అందులో 12వ వంతు మాత్రమే మనదవుతుంది. మిగతా 11 వంతులు ఇంకా వాళ్లవే. ఆ సొమ్మును ఆదాయం కింద రాసుకుని రెండో సంచికకే ఊడ్చేస్తే, తొమ్మిదో సంచికను పాఠకుల నమ్మకం తాకట్టు పెట్టి వేయాల్సివస్తుంది. అందుకే చందాల ఖాతా వేరు, కానుకల ఖాతా వేరు ఉంచమంటాను. ఫలానా పనికని ఎవరైనా కానుక ఇస్తే, దాన్ని ఆ పనికే ఖర్చుపెట్టినట్టు పుస్తకంలో కనబడాలి.

ఇంకో లెక్క కూడా ఉంది. మొదటి సంచిక ప్రెస్సుకు వెళ్లేలోపు మూడు సంచికల పూర్తి ఖర్చు బ్యాంకులో ఉండాలి. పూర్తి ఖర్చంటే కాగితం, ముద్రణ ఒక్కటే కాదు. పేజీలు పెట్టడం, ప్రూఫులు దిద్దడం, చుట్టే కవర్లు, పోస్టేజీ, అడ్రసు దొరక్క తిరిగొచ్చిన ప్రతులు, వాటిని మళ్లీ పంపడం, అన్నీ కలిపి. నా దగ్గరికి వచ్చే బడ్జెట్లలో ఎక్కువగా కనబడనిది పోస్టేజీయే. సువార్తికులు ఒకచోట నిలకడగా ఉండేవాళ్లు కాదు, అడ్రసుల పట్టిక ఆర్నెల్లకే పాతబడిపోతుంది. ఎక్కువ ప్రతులు వేస్తే ఒక్కోదాని ధర తగ్గుతుందని ప్రెస్సువాళ్లు చెప్పేది నిజమే. పంపడానికి పేర్లు లేకపోతే ఆ చవక ప్రతులన్నీ సంఘం గదిలో కట్టలుగా పడుంటాయి.

"మేం విశ్వాసం మీద నడిపిస్తాం, లెక్కల మీద కాదు" అంటారు కొందరు. ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. చెప్పేవాళ్లు మంచివాళ్లే. వాళ్లు ఉదాహరణగా చూపించే జార్జ్ ముల్లర్ ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో అనాథల్ని ప్రార్థన మీదే పోషించాడు, నిజం. ఆ ముల్లరే వచ్చిన కానుకల్ని పద్దు రాసి ఏటా నివేదికలు అచ్చువేయించాడు. 1792లో ఇంగ్లండులోని కెట్టరింగ్‌లో విలియం కేరీ, ఆండ్రూ ఫుల్లర్ మొదలైన బాప్టిస్టు బోధకులు బాప్టిస్టు మిషనరీ సొసైటీ స్థాపించిన రోజున వాగ్దానం చేసిన మొత్తం 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్నీలు. ఆరు పెన్నీల దాకా ఈరోజుకీ మనకు తెలిసిందంటే, అప్పుడు కూర్చుని రాసినవాళ్లు ఉన్నారు. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని అడిగింది ప్రభువే.

"పేద సువార్తికుల దగ్గర చందా ఎలా తీసుకుంటాం?" అని అడిగేవాళ్లకు లండన్ బాప్టిస్టు బోధకుడు చార్లెస్ స్పర్జన్ భార్య సుసన్నా సంగతి చెబుతాను. 1875లో ఆమె తన భర్త ఉపన్యాసాల పుస్తకాన్ని పేద బోధకులకు ఉచితంగా పంపాలనుకుంది. అంతకుముందు ఎన్నాళ్లుగానో దాచుకుంటూ వచ్చిన ఐదు షిల్లింగుల నాణేలు తీసి లెక్కపెట్టి చూస్తే, సరిగ్గా 100 ప్రతులకు సరిపోయాయి. అలా మొదలైన బుక్ ఫండ్ తర్వాత దాతల కానుకలతో ఏళ్ల తరబడి నడిచింది. పాఠకుడికి ఉచితంగా అందే ప్రతి ప్రతికీ ఎవరో ఒకరు ముందే వెల కట్టి ఉండాలి. ఆ ఒకరెవరో మీకు పేరుతో సహా తెలిస్తే, నిశ్చింతగా ఉచితంగా ఇవ్వండి.

అపోహ: దేవుని మహిమ కోసమే కాబట్టి ఎవరి వ్యాసమైనా, పాటైనా వేసుకోవచ్చు.

వాస్తవం: వేసుకోకూడదు. కాపీరైటు మీద దేశాలు చేసుకున్న 1886 నాటి బెర్న్ ఒప్పందాన్ని ఒప్పుకున్న చోట్ల రచయిత రాసిన మరుక్షణమే కాపీరైటు వస్తుంది, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మామూలు రచనల మీద ఆ హక్కు రచయిత చనిపోయాక కనీసం 50 ఏళ్లు ఉంటుంది, చాలా దేశాల్లో 70. లాభం తీసుకోవడం లేదన్నది దానికి మినహాయింపు కాదు. బైబిలు విషయంలో ఇంకా పొరపడతారు. మూలగ్రంథం ఎంత ప్రాచీనమైనా, ఈ కాలపు అనువాదానికి హక్కుదారులుంటారు. అనుమతి అడగకుండా ఎన్ని వచనాలు వాడుకోవచ్చో చాలా అనువాదాల మొదటి పేజీల్లోనే రాసి ఉంటుంది. 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదాన్ని దాదాపు ప్రపంచమంతా స్వేచ్ఛగా వాడుకోవచ్చు. బ్రిటన్‌లో మాత్రం దాని ముద్రణ హక్కు ఇప్పటికీ రాజు పేరునే ఉంది. పాటలకూ ఇదే వరస. పాత కీర్తన సాహిత్యం స్వేచ్ఛగా దొరికినా, నిరుడు ఎవరో చేసిన దాని అనువాదం స్వేచ్ఛగా దొరకదు. భయపడాల్సిన పని లేదు, ఒక ఉత్తరం రాయండి. నేను అడిగిన హక్కుదారుల్లో కాదన్నవాళ్లు చాలా తక్కువ. అడగకుండా వేశాక వచ్చే నోటీసుకు మాత్రం జవాబు చెప్పడం కష్టం.

అపోహ: సాక్ష్యం ఫోటోతో, పేరుతో వేస్తేనే పాఠకులు నమ్ముతారు.

ఇక్కడ కాస్త ఆగుతాను. సువార్తికులు ఎంతో ఆనందంతో ఫోటోలు పంపుతారు. బాప్తిస్మం తీసుకుని నీళ్లలోంచి అప్పుడే లేచిన మనిషి, తడి బట్టలు, వెలిగిపోతున్న ముఖం. ఒకసారి అలాంటి ఫోటో ఒకటి వచ్చింది, కింద పూర్తి పేరు, ఊరు, తండ్రి పేరు. పేజీ పెట్టేశాం. ప్రూఫులు చూసే సహోదరి నా దగ్గరికొచ్చి, "అన్నా, ఈ అమ్మాయి ఇంట్లోవాళ్లకు తెలుసా?" అని అడిగింది. నాకు తెలియదు. పంపిన సువార్తికుడికి ఫోన్ చేశాం. తెలియదన్నాడు. ఆ రాత్రి ప్రెస్సు ఆపించి పేజీ మార్చాం.

పత్రిక ఎవరి చేతికి వెళుతుందో మన చేతుల్లో లేదు. విశ్వాసంలోకి వచ్చినందుకు ఇంట్లోంచి గెంటేయబడేవాళ్లు, దెబ్బలు తినేవాళ్లు ఎన్నో దేశాల్లో ఉన్నారు. అందుకే మా దగ్గర ఒక కాగితం పెట్టుకున్నాం. సాక్ష్యం చెప్పిన మనిషి సంతకం, పేరు వేయాలా మార్చాలా, ఫోటో వేయొచ్చా, ఊరు చెప్పొచ్చా. సువార్తికుడు వాళ్ల తరఫున ఒప్పుకుంటే చాలదు. పిల్లల ఫోటోలకు తల్లిదండ్రుల సంతకం లేకపోతే తీసుకోము. పేరు మార్చిన చోట మార్చామని కిందనే వేస్తాం, అలాంటి సాక్ష్యాన్ని పాఠకులు నమ్మకపోవడం నేను ఇంతవరకు చూడలేదు. అంకెల విషయంలోనూ జాగ్రత్తే. "ఆ కూటంలో వేలమంది రక్షించబడ్డారు" అని రిపోర్టు వస్తే, లెక్కపెట్టింది ఎవరని అడుగుతాను. అది అనుమానంతో అడిగేది కాదు. ఆ అంకె చదివి, తన కూటానికి పదిమందే వచ్చారని కుమిలిపోయే సువార్తికుడు మన పాఠకుల్లోనే ఉంటాడు.

అపోహ: యూనియన్ (సంఘాలన్నీ కలిసి ఏర్పరచుకున్న సమాఖ్య) అనుమతి లేకుండా బాప్టిస్టు పత్రిక పెట్టకూడదు.

వాస్తవం: బాప్టిస్టుల్లో ప్రతి స్థానిక సంఘమూ స్వతంత్రమే. ముద్రణకు అనుమతి ముద్ర వేసే బిషప్పు మనకు లేడు. 1905లో లండన్‌లో ఏర్పడిన బాప్టిస్ట్ వరల్డ్ అలయన్స్ కూడా సహవాస సంస్థే, పత్రికలకు లైసెన్సులిచ్చే కార్యాలయం కాదు. ప్రభుత్వ రిజిస్ట్రేషన్ సంగతి వేరు, మీ దేశంలో పత్రికల చట్టం ఏది అడిగితే అది చేయాల్సిందే. ఏదైనా యూనియన్ పేరో గుర్తో అట్ట మీద వాడాలంటే మాత్రం వాళ్లను అడగాలి. ఆ స్వాతంత్ర్యమే ఉంది కాబట్టి బాప్టిస్టులందరి తరఫునా మాట్లాడుతున్నట్టు సంపాదకీయం రాసే హక్కు కూడా మనకు లేదు.

అపోహ: సువార్తికుల పత్రిక అంటే కరపత్రం లాంటిదే, కాస్త పెద్దది.

కాదు. కరపత్రం ఇంకా నమ్మనివాళ్లకు, ఈ పత్రిక నమ్మి బయల్దేరినవాళ్లకు. యోహాను 3:16 వాళ్లకు మళ్లీ వివరించనక్కర్లేదు. గొంతు పోతే ఏం చేయాలి, కానుకల లెక్క ఎలా రాయాలి, మూడు వారాలు ఇంటికి దూరంగా ఉంటే పిల్లలతో ఎలా మాట్లాడాలి, బాప్తిస్మం తీసుకున్నవాళ్లను ఏ సంఘానికి అప్పగించాలి, ఇవి రాయండి. స్పర్జన్ 1865లో మొదలుపెట్టిన మాసపత్రికకు ఆయుధం పక్కన పెట్టుకుని యెరూషలేము గోడ కట్టినవాళ్ల కథ ఉన్న నెహెమ్యా గ్రంథాన్ని తలపించేలా కత్తి, తాపీ అని పేరు పెట్టాడు. గోడ కడుతున్నవాళ్ల చేతిలో ఉండాల్సిన పత్రిక అది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఐఎస్ఎస్ఎన్ అంటే పత్రికను గుర్తించడానికి ఇచ్చే 8 అంకెల సంఖ్య మాత్రమే, అది ఉన్నంత మాత్రాన కాపీరైటూ రాదు, ప్రభుత్వ గుర్తింపూ రాదు. మధ్యలో పిన్ను కొట్టే పత్రికకు పేజీలు నాలుగు చొప్పునే పెరుగుతాయి, చివరి నిమిషంలో "ఇంకో రెండు పేజీలు" కుదరదు. పీడీఎఫ్‌గా పంపితే ఖర్చే ఉండదనేది కూడా సగమే నిజం, రాయడం, దిద్దడం, పేజీలు పెట్టడం దానికీ అంతే.

మొదట చెప్పిన ఫోన్‌కాల్ తమ్ముడు కవర్ డిజైన్ పక్కనపెట్టి బడ్జెట్ మళ్లీ రాశాడు. పోయిన వారం ఆ కాగితం నాకు పంపాడు. మూడు సంచికల ఖర్చు వేశాడు, చందాల ఖాతా విడిగా పెట్టాడు, చందా ఇవ్వలేని 40 మంది సువార్తికుల పేర్లు, ప్రతి పేరు ఎదుట వాళ్ల తరఫున ఎవరు కడుతున్నారో రాశాడు. తిరిగొచ్చే ప్రతుల వరస మాత్రం ఖాళీగా ఉంది. అది నింపి మళ్లీ పంపమన్నాను.